కరోనా: మందుల షాపు కౌంటరు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో మందుల షాపు నడుపుతున్నాను. 2020 మార్చి నుంచి కౌంటరు అవతల నిలబడి జనం అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. కొన్ని అప్పట్లో రోజుకు యాభైసార్లు విన్నవి, కొన్ని ఇప్పటికీ జలుబుల సీజన్ రాగానే వినేవి. నేను ఫార్మసిస్టుని, డాక్టర్‌ని కాను. ఎక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో మాత్రం గట్టిగానే చెబుతాను.

కరోనా ఇంకా ఉందా? పోయిందన్నారుగా!

ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తేసింది అత్యవసర పరిస్థితిని. వైరస్‌ని ఎత్తేయడం ఎవరి చేతుల్లోనూ లేదు. 2023 డిసెంబర్‌లో జేఎన్.1 పేరుతో, 2025 వేసవిలో ఎన్‌బి.1.8.1 పేరుతో మళ్ళీ పేపర్లకెక్కింది. ఇవన్నీ 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా నుంచి బయటపడిన ఒమిక్రాన్ అనే రకానికి పిల్లలు, మనవలే. ఇప్పుడు ఎక్కువమందికి మూడు నాలుగు రోజుల జలుబు జ్వరంలా వచ్చి పోతోంది. ఒకటికి రెండుసార్లు వచ్చి ఉండటం, టీకాలు పడి ఉండటం దానికి కారణం. అయితే డయాలసిస్‌కి వెళ్ళే పెద్దాయనకో, కీమో తీసుకుంటున్న ఆవిడకో అది ఉత్త జలుబు కాదు.

కరోనా, కోవిడ్ ఒకటేనా?

మాటల్లో ఒకటిగానే వాడేస్తాం. కచ్చితంగా చెప్పాలంటే కరోనా అనేది వైరస్‌ల కుటుంబం పేరు. మైక్రోస్కోపులో చూస్తే చుట్టూ ముళ్ళతో కిరీటంలా ఉంటుందని ఆ పేరు. మనుషులకు అంటుకునేవి ఏడు. నాలుగు మామూలు జలుబు తెచ్చేవి, చిన్నప్పటి నుంచి మన ముక్కుల్లో తిరుగుతున్నవే. 2002లో సార్స్, 2012లో మెర్స్ వచ్చాయి. ఏడోది 2019 డిసెంబర్‌లో చైనాలోని వుహాన్‌లో కనబడింది. దాని పేరు సార్స్-కోవ్-2, అది తెచ్చే జబ్బు పేరు కోవిడ్-19. రెండు పేర్లూ 2020 ఫిబ్రవరి 11నే పెట్టారు.

మన దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో బయటపడింది, వుహాన్‌లో చదువుకుంటూ ఇంటికొచ్చిన విద్యార్థినికి. తెలంగాణలో మార్చి 2న, మన దగ్గర నెల్లూరులో మార్చి 12న. నెల్లూరు కుర్రాడు ఇటలీ నుంచి వచ్చాడు. ఆ వారమంతా మా షాపులో ఇటలీ గురించే కబుర్లు.

అసలు అదంతా హడావిడేనా? జనం అంతమంది పోయారా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు 2021 ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడున్నారో అనిపిస్తుంది నాకు. దేశంలో అధికారికంగా నమోదైన మరణాలే 5.3 లక్షలు దాటాయి. 2020, 21 రెండేళ్ళలో మామూలుకంటే 47 లక్షల మంది ఎక్కువగా చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ లెక్కను కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ లెక్క తీసుకున్నా హడావిడి అనే మాట దానికి అతకదు. మా షాపు ఖాతా పుస్తకంలో ఇప్పటికీ కొట్టేయని పేర్లు కొన్ని ఉన్నాయి. డబ్బు కోసం ఉంచినవి కావు.

ఇంతకీ ఎలా అంటుకుంటుంది?

దీని దగ్గర కాస్త నింపాదిగా ఉందాం. మిగతా జాగ్రత్తలన్నీ దీంట్లోంచే పుడతాయి.

మొదట్లో అందరం తాకితే అంటుకుంటుందనే భయంలోనే బతికాం. కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాం. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం. నేనైతే నోట్ల మీద శానిటైజర్ కొట్టి, తాడు కట్టి క్లిప్పులతో ఆరేశాను. ఐదు వందల నోట్లు ఎండు చేపల్లా వేలాడుతుంటే మా ఆవిడ ఫోటో కూడా తీసింది. ఇదంతా చేసింది ఫ్యాను ఆపేసి, షట్టరు సగం దించి, లోపల ఇద్దరు కుర్రాళ్ళతో కూర్చుని. అంటే ప్రమాదం లేనిచోట కాపలా పెట్టి, ఉన్నచోట తలుపులు మూశానన్నమాట.

ఈ వైరస్ ముఖ్యంగా గాలిలో వస్తుంది. వైరస్ ఉన్న మనిషి మాట్లాడినా, పాడినా, దగ్గినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నటి తుంపరలు బయటికొస్తాయి. పెద్దవి రెండు మూడు అడుగుల్లో కింద పడిపోతాయి. బాగా చిన్నవి అగరుబత్తి పొగలాగా గదిలో తేలుతూ ఉంటాయి. కిటికీలు మూసిన గదిలో ఎవరో సిగరెట్ కాల్చారనుకోండి, ఆరడుగుల దూరంలో కూర్చుంటే మీకు వాసన రాదా? అంతే సంగతి. వస్తువుల మీద నుంచి రావడం అసాధ్యం కాదు గానీ చాలా తక్కువ. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది.

రెండు సంఘటనలు చూడండి. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్‌లో మూడు కుటుంబాలు పక్కపక్క బల్లల దగ్గర భోజనం చేశాయి. ఒక కుటుంబం ముందురోజే వుహాన్ నుంచి వచ్చింది. ఆ అంతస్తులో కిటికీలు లేవు, ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరిగింది. ఆ మూడు కుటుంబాల్లో మొత్తం 10 మందికి కోవిడ్ తేలింది. అదే అంతస్తులో తింటున్న మిగతా డెబ్బై మందికి పైగా జనంలో ఎవరికీ రాలేదు.

రెండోది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, 2020 మార్చి 10న. ఒక పాటల బృందం రిహార్సల్‌కి 61 మంది వచ్చారు. ఒకరికి జలుబులా ఉంది. రెండున్నర గంటలు పాడుకున్నారు. 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఎవరూ ఎవరి మీదా దగ్గలేదు, చేతులు కూడా కలపలేదు. మన భజనలు, పెళ్ళిళ్ళలో సంగీత్‌లు దీనికి దూరమేమీ కాదు.

ఇంకో చిక్కు ఉంది. లక్షణాలు మొదలవ్వడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి వైరస్ పంచడం మొదలుపెడతాడు. "నాకేం లేదు, బానే ఉన్నాను" అనే మాటను అందుకే పూర్తిగా నమ్మలేం.

ఏసీ వేస్తే గాలి మారుతుంది కదా?

మారదు. ఇళ్ళలో, షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో పెట్టే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి చుక్క కూడా లోపలికి రాదు. గోడ అవతల కనిపించే డబ్బా వేడిని బయటికి తోస్తుంది, అంతవరకే.

గదిలో గాలి ఎంత పాతబడిందో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ఉంటాయి. బయట అది సుమారు 420 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకి ఇన్ని పాళ్ళు) ఉంటుంది. గదిలో వెయ్యి దాటిందంటే పక్కవాళ్ళు వదిలిన ఊపిరినే మీరు పీలుస్తున్నట్టు. మీటరు కొనమని చెప్పను. ఎదురెదురుగా రెండు కిటికీలు బెత్తెడు తెరవండి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. ఏసీ వేసుకున్నా సరే, ఒక కిటికీ కొంచెం తీసి ఉంచండి. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, నిజమే. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు, ఏసీ స్లీపర్ బస్సులో పరుపుకంటే ఈ విషయంలో నయం.

ఏ మాస్కు పెట్టుకోవాలి? గుడ్డది చాలదా?

అసలు లేనిదానికంటే గుడ్డ మాస్కు మేలు. సర్జికల్ మాస్కు దానికంటే మేలు. ఎన్95 అన్నిటికంటే మేలు, ఎందుకంటే అది సన్నటి తుంపరల్లో 95 శాతం ఆపేలా తయారవుతుంది. అయితే ముఖానికి అతుక్కుని ఉండాలి. ముక్కు మీద తీగ నొక్కకుండా వదిలేస్తే పక్కల నుంచి గాలి దూరుతుంది. ముందు చిన్న ప్లాస్టిక్ మూతలాంటి వాల్వు ఉన్నవి కొనకండి. అవి మిమ్మల్ని కాపాడతాయి గానీ మీ ఊపిరిని నేరుగా ఎదుటివాడి మీదకు వదులుతాయి. గడ్డం కింద పెట్టుకునే మాస్కు దేనికి పనికొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రోజూ అందరూ పెట్టుకోవాలా అంటే, ఇప్పుడు అక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, మీకు జలుబు ఉన్నప్పుడు, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడు, కేసులు పెరుగుతున్న రోజుల్లో కిక్కిరిసిన ఏసీ హాల్లోకి వెళ్ళినప్పుడు పెట్టుకోండి.

అయితే చేతులు కడుక్కోవడం దండగా?

కాదు. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. విరేచనాలు, కళ్ళకలక లాంటివి కూడా తగ్గుతాయి. ఇరవై సెకన్లు రుద్దితే ఏ సబ్బయినా ఒకటే. శానిటైజర్ అయితే ఆల్కహాల్ 60 శాతానికి పైన ఉండాలి.

శానిటైజర్ పేరు చెబితే నాకు రెండు గుర్తొస్తాయి. ఒకటి, 2020 మార్చిలో కేంద్రం 200 మి.లీ. సీసా వంద రూపాయలకు మించి అమ్మొద్దని ధర కట్టడి చేసినా సరుకు దొరక్క నేను తిట్లు తిన్న రోజులు. రెండోది అదే ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోవడం. ఆ వార్త చదివాక, ఒకే మనిషి నాలుగు సీసాలు అడిగితే ముఖం చూసి ఇచ్చేవాణ్ణి.

జ్వరం వచ్చింది. కరోనానా, డెంగీనా?

లక్షణాలు చూసి నేను చెప్పలేను, డాక్టర్ కూడా టెస్టు లేకుండా చెప్పలేరు. కోవిడ్‌లో గొంతునొప్పి, ముక్కు కారడం, పొడి దగ్గు, ఒళ్ళునొప్పులు, జ్వరం, నీరసం ఉంటాయి. 2021లో డెల్టా రకం వైరస్ తిరిగిన రోజుల్లో వాసన, రుచి పోవడం పెద్ద గుర్తు. ఒమిక్రాన్ వచ్చాక అది బాగా తగ్గింది. డెంగీలో మామూలుగా జలుబు, దగ్గు ఎక్కువ కనబడవు. కళ్ళ వెనక నొప్పి, కీళ్ళు విరిచేసే నొప్పులు, తర్వాత ఒంటిమీద దద్దుర్లు ఉంటాయి.

వానాకాలంలో జ్వరమొస్తే తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేయకండి. డెంగీ అయితే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం తెచ్చిపెడతాయి. పెద్దవాళ్ళకు పారాసెటమాల్ 650 మి.గ్రా. మాత్ర ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుకు మించకుండా. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మందు తాగేవాళ్ళు డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు సొంతంగా ఆపకండి, అదీ డాక్టర్ చెప్పాల్సిందే.

ఇంట్లో చేసుకునే కిట్టులో నెగెటివ్ వచ్చింది. ఇక నిశ్చింతేనా?

పాజిటివ్ వస్తే నమ్మండి. నెగెటివ్ వచ్చి లక్షణాలు ఉంటే రెండు రోజులాగి మళ్ళీ చేయండి, లేదా ఆర్టీపీసీఆర్ చేయించండి. మొదటిరోజు ముక్కులో వైరస్ కిట్టు పట్టుకునేంత ఉండకపోవచ్చు. ఆర్టీపీసీఆర్ కొద్దిపాటి వైరస్‌నీ పట్టేస్తుంది, అదే దానితో ఇబ్బంది కూడా. జబ్బు తగ్గిపోయిన వారాల తర్వాత కూడా చచ్చిన వైరస్ ముక్కల్ని చూసి పాజిటివ్ చూపిస్తుంది. అందుకని తగ్గాక "నెగెటివ్ రిపోర్టు" కోసం మళ్ళీ మళ్ళీ టెస్టులు అక్కర్లేదు.

ఇంట్లో ఒకరికి వచ్చింది. రెండు గదుల ఇల్లు. ఏం చేయాలి?

విడిగా బాత్రూము, విడిగా గది అని పుస్తకంలో రాసినట్టు చెబితే నవ్వుతారు. ఉన్నంతలో ఇలా చేయండి. కిటికీ ఉన్న గది జబ్బు పడినవాళ్ళకి ఇచ్చి, మిగతావాళ్ళు హాల్లో సర్దుకోండి. ఆ కిటికీ రాత్రీ పగలూ తెరిచే ఉంచండి, దోమల తెర కట్టుకోండి. టేబుల్ ఫ్యాను ఉంటే దాని ముఖం కిటికీ వైపు తిప్పి, లోపలి గాలిని బయటికి తోసేలా పెట్టండి. బాత్రూము ఒకటే అయితే జబ్బు మనిషి చివర్లో వాడి, వెంటిలేటర్ తెరిచి వదిలేయాలి. అన్నం పెట్టడానికి వెళ్ళేవాళ్ళూ, లోపలున్నవాళ్ళూ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. కంచాలు మామూలుగా సబ్బుతో తోమితే చాలు, పారేయక్కర్లేదు.

ఎన్నాళ్ళు? 2022 జనవరిలో కేంద్రం ఇచ్చిన నియమం, పాజిటివ్ వచ్చాక కనీసం ఏడు రోజులు, అందులో చివరి మూడు రోజులు జ్వరం లేకుండా. ఇప్పుడు ఎవరూ వచ్చి మీ తలుపుకి స్టిక్కరు అంటించరు. అయినా ఇంట్లో షుగరు ఉన్న అమ్మమ్మ ఉంటే ఆ ఏడు రోజులు పాటించడం మంచి లెక్కే.

ఆక్సిమీటర్ ఎంత చూపిస్తే భయపడాలి?

94, ఆపైన ఉంటే పర్వాలేదు. 93కి దిగితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 90 లోపు అయితే ఫోన్లు కాదు, ఆసుపత్రికి బయల్దేరాలి. ఉబ్బసం లాంటి పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు.

2021 మే నెలలో ఒక సాయంత్రం ఒకాయన వచ్చి, "బాబూ, దీని బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి, 86 చూపిస్తోంది, కొత్తవెయ్యి" అన్నాడు. మామూలుగానే మాట్లాడుతున్నాడు, ఆయాసం లేదు. బ్యాటరీలు మార్చాను. నా వేలికి పెడితే 98. ఆయన వేలికి పెడితే మళ్ళీ 86. చెయ్యి రుద్దించి ఇంకో వేలికి పెట్టాను, 85. అప్పుడు చూశాను, ఆయన పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. కౌంటరు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, కొడుక్కి ఫోన్ చేయించి పంపాను. పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం ఈ జబ్బులో ఉన్న మాయ.

చల్లటి వేళ్ళు, ముదురు గోళ్ళరంగు ఉంటే అంకె తప్పు రావచ్చు. వేలు వెచ్చబరిచి, రంగు తుడిచి, నిమిషం ఆగి చూడండి. బెడ్డు దొరికేలోగా బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ కొంత పెరుగుతుంది. గర్భిణులకు మాత్రం ఇది వద్దు.

కరోనా టాబ్లెట్ల సెట్టు ఇవ్వండి.

ఇది ప్రశ్న కాదు గానీ అన్నిటికంటే ఎక్కువగా విన్నది ఇదే. అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, డాక్సీ, జింకు, విటమిన్ సి, స్టెరాయిడ్ అన్నీ కట్టగట్టి ఒక కవరులో. వాట్సాప్‌లో ఆ చీటీ ఊరంతా తిరిగింది. దాచను, మొదట్లో నేనూ కొన్ని కవర్లు కట్టిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాకి వేసే మందు, వైరస్ మీద పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ కడుపులో నులిపురుగుల్లాంటి వాటికి వేసే మందు. పెద్ద పరీక్షల్లో రెండింటివల్లా లాభం కనబడలేదు. స్టెరాయిడ్ సంగతి వేరు. బ్రిటన్‌లో జరిగి, 2020 జూన్‌లో ఫలితాలు బయటికొచ్చిన రికవరీ అనే పరీక్షలో డెక్సామెథసోన్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. చాలా చవకైన మందు. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి దానివల్ల లాభం లేదని, పైగా నష్టం ఉండొచ్చని అదే పరీక్ష చెప్పింది. మనవాళ్ళు మొదటి సగమే విన్నారు. షుగరు ఉన్నవాళ్ళు ఇష్టమొచ్చినట్టు స్టెరాయిడ్ వాడటం బ్లాక్ ఫంగస్‌కి ఒక పెద్ద దారి అయ్యింది. కళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళు ఉన్నారు.

వయసు మీరినవాళ్ళు, పెద్ద జబ్బులున్నవాళ్ళకైతే మొదటి ఐదు రోజుల్లోనే మొదలుపెట్టాల్సిన యాంటీవైరల్ మందులు ఉన్నాయి. అందుకని వాళ్ళు "చూద్దాంలే" అని ఆగకూడదు. మిగతావాళ్ళకి పారాసెటమాల్, నీళ్ళు, గంజి, నిద్ర. ఇది చెబితే "అంతేనా?" అని నిరాశగా చూస్తారు.

కషాయం, ఆవిరి, కృష్ణపట్నం మందు?

మిరియాల కషాయం, పసుపు పాలు గొంతుకి హాయిగా ఉంటాయి. తాగండి. వైరస్‌ని చంపవు. ఆవిరి కూడా ముక్కు దిబ్బడకి ఉపశమనమే. పిల్లల్ని మాత్రం మరిగే గిన్నె దగ్గర కూర్చోబెట్టకండి, ఒళ్ళు కాలిన కేసులు మా టౌన్‌లోనే చూశాను.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన నాటు మందు కోసం 2021 మేలో వేలమంది ఒకచోట గుమిగూడారు. ఆ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది. దానితో కరోనా తగ్గుతుందనడానికి రుజువులు లేవని కూడా అప్పుడే చెప్పింది. మందు సంగతి అలా ఉంచి, ఆ క్యూలో భుజం భుజం రాసుకుని నిలబడటమే నాకు భయం వేసింది.

చికెన్ తింటే వస్తుందా?

రాదు. 2020 ఫిబ్రవరి చివర్లో ఈ పుకారు వల్ల కోళ్ళ రైతులు మునిగిపోతుంటే, హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. ఉడికించుకుని తినండి.

టీకా వల్లే గుండెపోట్లు వస్తున్నాయట కదా?

కుర్రవాడు ఎవరైనా కుప్పకూలిన వీడియో వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దీనిమీదే ఒక అధ్యయనం చేసింది. దేశంలోని 47 పెద్దాసుపత్రుల నుంచి 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ హఠాన్మరణాలు తీసుకుని చూసింది. 2023లో వచ్చిన ఫలితం ఏమిటంటే, టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తగ్గింది కూడా. పెరిగింది కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకి, కుటుంబంలో అలాంటి మరణాలు ఉన్నవాళ్ళకి, ఒక్కసారే అతిగా తాగినవాళ్ళకి, చనిపోయే ముందు రెండు రోజుల్లో భారీ వ్యాయామం చేసినవాళ్ళకి.

టీకాలకి దుష్ఫలితాలే లేవని నేననను. కోవిషీల్డ్ రకం టీకా తర్వాత చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య, అమెరికాలో వేసే ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత కుర్రవాళ్ళలో అరుదుగా గుండె కండరం వాపు వచ్చిన మాట నిజం. అవి వేసుకున్న రోజుల్లో, వారాల్లో బయటపడేవి, ఏళ్ళ తర్వాత కాదు. మళ్ళీ డోసు కావాలా అన్నది 60 దాటినవాళ్ళు, పెద్ద జబ్బులున్నవాళ్ళు తమ డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న.

తగ్గి నాలుగు నెలలైంది, మెట్లెక్కితే ఆయాసం. ఇది మామూలేనా?

చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. మూడు నెలల తర్వాత కూడా నీరసం, ఆయాసం, మతిమరుపు, గుండెదడ వేధిస్తుంటే దాన్ని లాంగ్ కోవిడ్ అంటారు. "మనసులో పెట్టుకుంటున్నావు" అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేస్తారు, అది కాదు. ముందు షుగరు, థైరాయిడ్, రక్తం, గుండె పరీక్షలు చేయించుకుని వేరే కారణం లేదని తేల్చుకోండి. పంతంపట్టి పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడవకండి. నిన్నటి నడక వల్ల ఈరోజు మంచం పట్టారంటే, నిన్నటిది ఎక్కువైనట్టే.

కొంచెం దగ్గు ఉంది. ఎల్లుండి మేనకోడలి పెళ్ళి. వెళ్ళకపోతే మాటొస్తుంది.

కిట్టు తెచ్చుకుని రేపొకసారి, ఎల్లుండి పొద్దున్న ఒకసారి చూసుకోండి. పాజిటివ్ అయితే ఫోన్లో అక్షింతలు వేయండి, అక్కతో నేను మాట్లాడతానులెండి. రెండుసార్లూ నెగెటివ్ వచ్చి, జ్వరం లేకపోతే ఎన్95 పెట్టుకుని వెళ్ళండి. ఏసీ హాల్లో ముందు వరసలో ఉన్న ముసలివాళ్ళ పక్కన కాకుండా బయట షామియానా కింద కూర్చోండి. భోజనం మొదటి బంతిలో కానిచ్చేయండి, జనం తక్కువుంటారు.